మొదటి ఎయిర్ రైఫిల్ తక్కువ ఖర్చులో: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల్లో రైఫిల్ గురించి అడిగేవాళ్లు ఎక్కువగా మూడు రకాలు. ఎన్‌సీసీ క్యాంపులో కాల్చి ఆ రుచి మరిచిపోలేనివాళ్లు, పైడితల్లి జాతరలో బెలూన్లు పగలగొట్టి ఊపు మీదున్నవాళ్లు, టీవీలో ఒలింపిక్స్ చూసి పిల్లల్ని ఇందులో పెడదామనుకునే అమ్మానాన్నలు. ముగ్గురి ప్రశ్నలూ దాదాపు ఒకటే. ఇక్కడున్నదంతా కాగితం మీద గురి గురించే.

లైసెన్స్ లేకుండా కొనుక్కోవచ్చా?

ఎయిర్ రైఫిల్ అయితే, రెండు షరతులకు లోబడి, కొనుక్కోవచ్చు. గొట్టం బోరు 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకూడదు. గుండు బయటికొచ్చేటప్పటి శక్తి 20 జూల్స్ దాటకూడదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఈ రెండింటి లోపల ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు. వీటిలో ఏ ఒక్కటి దాటినా అది లైసెన్స్ కావాల్సిన ఆయుధమే.

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. ఎయిర్ గన్ అంటే చాలు లైసెన్స్ అక్కర్లేదనుకుని 5.5 మిల్లీమీటర్ల బోరున్నది, అంటే పాయింట్ టూ టూ ఎయిర్ రైఫిల్, ఎవరి దగ్గరో చవగ్గా కొనేస్తారు. గాలితో పేలినా సరే, దానికి లైసెన్స్ కావాలి.

కొట్టువాడు ఆధార్ లాంటి గుర్తింపు, చిరునామా కాగితాలు అడిగితే చిరాకు పడకుండా ఇవ్వండి. అడగనివాడి దగ్గరే అనుమానపడాలి. బిల్లు మీద మోడల్ పేరు, బోరు, సీరియల్ నంబరు రాయించుకోండి. ఆ బిల్లు రైఫిల్ ఉన్నంతకాలం ఉండాలి.

మా ఊళ్లో ఒకాయన నాటు తుపాకీ బాగుచేసి ఇస్తానంటున్నాడు. గురి నేర్చుకోవడానికి పనికొస్తుందా?

వద్దు. లైసెన్స్ లేని నాటు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. పైగా అది ఎదుటివాడి కంటే కాల్చేవాడి చేతికీ కంటికీ ఎక్కువ ప్రమాదం.

ఎన్‌సీసీలో కాల్చిన పాయింట్ టూ టూ రైఫిలే కొనాలని ఉంది. కుదురుతుందా?

కుదురుతుంది, కానీ మొదటి రైఫిల్‌గా కాదు. అది మందుగుండుతో పేలే ఆయుధం కాబట్టి ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి. దరఖాస్తు, పోలీసు విచారణ, ఇంట్లో భద్రత, తూటాలకు లెక్క, ఇవన్నీ ఉంటాయి. దాన్ని కాల్చడానికి సరైన రేంజ్ కూడా ఉండాలి. ఇంటి వెనక కాల్చేది కాదు. ఎయిర్ రైఫిల్‌తో రెండేళ్లు గట్టిగా సాధన చేసి, స్కోర్లు వచ్చి, రాష్ట్ర రైఫిల్ సంఘంలో సభ్యులయ్యాక ఆలోచించండి. అప్పటికి చెప్పుకోవడానికి మీ చేతిలో కారణం కూడా ఉంటుంది.

ఎంత పవర్ ఉన్నది తీసుకోవాలి?

ఈ ఒక్క ప్రశ్న దగ్గర జనం పోగొట్టుకునే డబ్బు మిగతా అన్నింటి దగ్గర పోయేదాని కంటే ఎక్కువ. కొట్లో మొదట చెప్పేదీ ఇదే: "సార్, ఇది వెయ్యి అడుగుల స్పీడు."

గురి పోటీ జరిగేది 10 మీటర్ల దూరంలో. ఒలింపిక్స్‌లో వాడే, లక్షలు పోసి కొనే రైఫిళ్ల నుంచి గుండు సెకనుకు 170 మీటర్ల ప్రాంతంలో వస్తుంది. అరగ్రాము గుండు లెక్కన అది 7 జూల్స్ చిల్లర. అంటే చట్టం ఇచ్చిన హద్దులో సగం కూడా కాదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చిందీ అందులోనే. కాగితానికి కన్నం పెట్టడానికి అంతకు మించిన జోరు అక్కర్లేదు.

ఆ వెయ్యి అడుగుల మాట కూడా కాస్త లెక్కేసి చూడండి. వెయ్యి అడుగులంటే సెకనుకు సుమారు 305 మీటర్లు. మామూలు అరగ్రాము గుండు నిజంగా ఆ వేగంతో వస్తే దాని శక్తి 23 జూల్స్ అవుతుంది, హద్దు దాటిపోతుంది. కాబట్టి లైసెన్స్ అక్కర్లేని రైఫిల్ పెట్టె మీద ఆ అంకె కనిపిస్తే, తేలికపాటి మిశ్రలోహపు గుండుతో కొలిచి వేశారనుకోవాలి. లేదంటే అది మీరు కొనకూడని రైఫిల్. రెండింటిలో ఏదైనా మీ గురికి ఒరిగేది ఏమీ లేదు.

జోరు ఎక్కువైతే నష్టం కూడా ఉంది. స్ప్రింగు గట్టిగా ఉంటుంది, ప్రతి గుండుకీ గొట్టం విరిచి, అంటే కీలు దగ్గర కిందికి వంచి, లాగడానికి చేతులు పీకుతాయి. కాల్చినప్పుడు కుదుపు ఎక్కువ. నలభై గుళ్లు కాల్చేసరికి భుజం అలిసిపోయి గురి చెడుతుంది. మొదటి రైఫిల్ 10 నుంచి 14 జూల్స్ మధ్య ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. అంతకంటే తక్కువదే దొరికితే ఇంకా మంచిది.

స్ప్రింగా, గ్యాస్ పిస్టనా, పీసీపీయా?

స్ప్రింగ్ రైఫిల్‌లో గొట్టం విరిచినప్పుడు లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి గుండును తోస్తుంది. పంపు, సిలిండర్ ఏవీ అక్కర్లేదు. సీతంపేట కొండల్లో ఉన్నా ఇచ్ఛాపురంలో ఉన్నా గుళ్ల డబ్బా ఒక్కటుంటే చాలు. చవకలో ఇదే రాజు.

దీనికో పెంకితనం ఉంది. పిస్టన్ దూకినప్పుడు రైఫిల్ మొదట వెనక్కి, ఆ తర్వాత ముందుకు కుదుపుతుంది. గుండు గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది. అందుకని రైఫిల్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే ఒక్కోసారి ఒక్కోచోట తగులుతుంది. ముందు చెయ్యి మీద వదులుగా ఆనించి, ప్రతిసారీ అదే చోట ఆనించి, కాల్చాక కూడా ఒక క్షణం గురి చూస్తూనే ఉండాలి. ఇది నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. నేర్చుకున్నవాడికి తర్వాత ఏ రైఫిల్ ఇచ్చినా కాలుస్తాడు. అందుకే కొత్తవాళ్లకు నేను స్ప్రింగే చెబుతాను.

గ్యాస్ పిస్టన్ రకంలో స్ప్రింగు బదులు మూసిన గ్యాస్ ఉంటుంది. కుదుపు కాస్త నునుపు. పాడైతే ఊళ్లో బాగుచేసేవాడు దొరకడు. స్ప్రింగయితే మార్చుకోవచ్చు.

పీసీపీ అంటే ముందే 200 బార్ల చుట్టుపక్కల ఒత్తిడితో గాలి నింపి పెట్టుకునే రైఫిల్. కుదుపు దాదాపు ఉండదు, గురి బాగా కుదురుతుంది, పోటీ రైఫిళ్లన్నీ ఇవే. కానీ రైఫిల్‌తో ఖర్చు అయిపోదు. చేతి పంపు కొనాలి, లేదా పెద్ద సిలిండర్ పెట్టుకుని నింపించుకోవాలి. చేతి పంపుతో 200 బార్ దాకా కొట్టడం అంటే సైకిల్ టైరుకి గాలి కొట్టినట్టు కాదు, చొక్కా తడిసిపోతుంది. మన కోస్తా తేమలో పంపులోకి నీటి ఆవిరి కూడా వెళ్తుంది. తేమ ఆపే ఫిల్టర్ లేని పంపు కొనకండి.

ఎంత పెట్టాలి? ఏ కంపెనీ?

మన దేశంలో తయారైన మంచి స్ప్రింగ్ రైఫిల్ పది నుంచి ఇరవై వేల మధ్య వస్తుంది. పీసీపీ దానికి రెండు మూడు రెట్లు, పంపు వేరే. జర్మనీ, ఆస్ట్రియాల వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టయర్ పోటీ రైఫిళ్లు కొత్తవైతే రెండు లక్షలు దాటిపోతాయి. మొదటి ఏడాది వాటి వైపు చూడకండి.

దేశీ కంపెనీల్లో ప్రెసిహోల్ పేరు ముందు వినిపిస్తుంది. వాళ్ల ఎస్‌ఎక్స్ 100 లాంటి స్ప్రింగ్ రైఫిళ్లతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది. ఎస్‌డీబీ పేరుతోనూ రకరకాల మోడళ్లు దొరుకుతాయి. పాత నేషనల్ రకాలు మన తాతల కాలం నుంచీ ఉన్నాయి. నేను కంపెనీ పేరు కంటే విడిభాగాలు చూస్తాను. సీలు, స్ప్రింగు అరిగిపోతే పార్సిల్‌లో పంపుతారా అని కొనకముందే ఫోన్ చేసి అడగండి. ఆ జవాబుతోనే సగం తేలిపోతుంది.

ఇరవై వేలు ఉంటే పన్నెండు వేల రైఫిల్ కొని మిగతా ఎనిమిదీ గుళ్లకు, కాగితాలకు, రేంజ్ ఫీజుకు ఉంచండి. ఇరవై వేల రైఫిల్ కొని గుళ్లకు డబ్బుల్లేక బీరువా మీద పెట్టిన ఇళ్లు ఉన్నాయి.

కొట్లో చేతికిచ్చినప్పుడు ఏం చూడాలి?

ఖాళీగా ఉందో లేదో ముందు మీరే తెరిచి చూసుకోండి. తర్వాత గొట్టాన్ని గోడ వైపే ఉంచి ఇలా చెయ్యండి. కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, చెంపను రైఫిల్ కొయ్య మీద పెట్టండి. కళ్లు తెరవగానే సైట్లు కంటికి ఎదురుగా ఉండాలి. మెడ చాచాల్సి వచ్చినా, తల వంచాల్సి వచ్చినా ఆ కొయ్య మీకు సరిపోలేదు. ఆడపిల్లలకు, పొట్టివాళ్లకు కొయ్య పొడవు ఎక్కువవడం మామూలే. వెనక పలకలు తీసి తగ్గించుకునే వీలుంటే మంచిది.

ట్రిగ్గర్ రెండు దశల్లో ఉండాలి. మొదట తేలిగ్గా కొంత దూరం వచ్చి ఆగి, అక్కడి నుంచి చిన్న ఒత్తిడితో వదలాలి. దీన్ని కొట్లో పరీక్షించడానికి ఖాళీ స్ప్రింగ్ రైఫిల్ పేల్చవద్దు. గుండు లేకుండా పేలిస్తే పిస్టన్‌కి గాలి దిండు ఉండదు, నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది. "చూడండి సార్" అని ఖాళీగా నాలుగుసార్లు టప్ టప్‌మనిపించే కొట్లో ఆ పీస్ తీసుకోకండి, పెట్టెలోంచి కొత్తది తీయమనండి.

ఎడమచేతి వాటం వాళ్లు చెంప ఆనేచోట ఎత్తు రెండు వైపులా ఉందా అని చూసుకోవాలి.

స్కోప్ పెట్టించుకోవాలా?

ముందు వద్దు. సెట్టులో ఇచ్చే చవక స్కోపులకు రెండు జబ్బులున్నాయి. స్ప్రింగ్ రైఫిల్ ముందుకు కుదిపే కుదుపుకి తట్టుకోక కొన్నాళ్లకే లోపల గీతలు కదిలిపోతాయి. ఇంకోటి, చాలా స్కోపులు దూరపు గురికి సెట్ చేసి ఉంటాయి కాబట్టి 10 మీటర్ల దగ్గర బొమ్మ మసకగా కనిపిస్తుంది, తల కాస్త కదిలితే గురి కూడా కదిలినట్టుంటుంది.

రైఫిల్ మీద వచ్చే ఓపెన్ సైట్‌తోనే మొదలుపెట్టండి. మన దేశంలో జాతీయ సంఘం ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్ పోటీని వేరే విభాగంగానే నడుపుతుంది. అంటే సాదా రైఫిల్‌తోనూ పోటీకి వెళ్లే దారి ఉంది. తర్వాత సన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌కు మారొచ్చు.

నాకు యాభై దాటాయి, చత్వారం ఉంది. సైట్ కనబడదేమో?

గొట్టం కొసనుండే ముందు సైట్ స్పష్టంగా, గురి కాగితం మసకగా కనబడితే సరిపోతుంది. కుర్రాళ్లకు కూడా చెప్పేది ఇదే. దగ్గరి అద్దాలతో అది కుదరకపోతే కంటి డాక్టరుకు చేయి చాచినంత దూరం చెప్పి, ఆ దూరానికి అద్దం రాయించుకోండి. పీప్ సైట్ చత్వారం ఉన్నవాళ్లకు నిజంగా వరం.

ఏ గుళ్లు వాడాలి?

కాగితం మీద గురికి తల చదునుగా ఉన్నవి. మొన తేలిన గుళ్లు కాగితాన్ని చింపుతాయి, కన్నం అంచు ఎక్కడుందో తెలియదు. చదును తలది గుండ్రంగా కోస్తుంది, స్కోరు స్పష్టంగా కనబడుతుంది.

ప్రతి గొట్టానికీ ఒక ఇష్టం ఉంటుంది. మూడు నాలుగు రకాల చిన్న డబ్బాలు తెచ్చి, బల్ల మీద దిండు పెట్టి ఆనించి, ఒక్కోదానితో అయిదేసి గుళ్ల గ్రూపింగ్ నాలుగు సార్లు కాల్చి చూడండి. ఏది దగ్గరదగ్గరగా పడితే ఆ రకమే ఎక్కువ కొనండి. కొత్త రైఫిల్ అయితే మొదటి రెండు మూడు వందల గుళ్ల దాకా తీర్పు చెప్పకండి, లోపలి గ్రీజు ఇంకా సర్దుకుంటూ ఉంటుంది. రోజుకు అరవై కాలిస్తే 500 గుళ్ల డబ్బా ఎనిమిది రోజులకు అయిపోతుంది. ఈ ఖర్చు చాలామంది లెక్కలో ఉండదు.

గుళ్లు సీసంతో చేస్తారు. నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తీసే అలవాటు కొందరిలో చూస్తుంటాం. అది మానాలి. కాల్చాక సబ్బుతో చేతులు కడిగాకే టీ గ్లాసు ముట్టుకోండి.

ఇంటి దగ్గర రేంజ్ పెట్టుకోవచ్చా?

పది మీటర్ల నిడివి, వెనక గట్టి ఇటుక గోడ, పక్కల నుంచి ఎవరూ నడిచి రాలేని చోటు ఉంటే పెట్టుకోవచ్చు. పాత పెంకుటిళ్ల నడవాలు, పెరళ్లు దీనికి బాగా పనికొస్తాయి. డాబా మీద మాత్రం వద్దు. గురి తప్పిన గుండు వందల మీటర్లు వెళ్తుంది, ఎవరి కంటికి తగులుతుందో తెలియదు. కొబ్బరితోటలో చెట్టుకి కాగితం కొట్టి కాల్చడం కూడా అంతే, చెట్టు పక్కనుంచి పోయిన గుండుకి ఆపేది ఏముంది?

కాగితం వెనక గుండు ఆగే పెట్టె ఉండాలి. చెక్కపెట్టె అడుగున దళసరి ప్లైవుడ్ వేసి, పాత బట్టలు, పేపర్లు బాగా కూరి, గోడకు ఆనించి పెట్టండి. నేరుగా గోడకో రేకుకో కాలిస్తే గుండు తిరిగి వస్తుంది. కళ్లకు అద్దాలు అందరికీ, చూసేవాళ్లకు కూడా. గురి మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి.

పోటీ కాగితం మీద పది మార్కుల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లు. వలయాలన్నీ కలిపినా 45.5 మిల్లీమీటర్లే. ఆ కాగితం తొలిరోజే పెడితే మనసు విరుగుతుంది. తెల్లకాగితం మీద రూపాయి బిళ్లంత నల్లచుక్క పెట్టుకుని గ్రూపింగ్ మీదే దృష్టి పెట్టండి.

ఇరుగుపొరుగుకి ముందే చెప్పండి, పిలిచి చూపించండి. చప్పుడు విని ఎవరో పోలీసులకు ఫోన్ చేశాక చెప్పడం కంటే అది నయం.

కోతుల బాధ ఎక్కువ. పనిలో పని, వాటిని భయపెట్టడానికి వాడితే?

వద్దు. గాయపడిన జంతువు రోజుల తరబడి కుళ్లి చస్తుంది, జంతు హింస నిరోధక చట్టం కింద కేసు కూడా అవుతుంది. పిట్టల మాట అసలు ఎత్తకండి. తేలినీలాపురం, తేలుకుంచిలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గూళ్లు కట్టుకునే కొంగలకు, గూడబాతులకు ఆ ఊళ్లవాళ్లే కాపలా. పక్షుల్ని వేటాడితే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. చెరువు గట్టు మీద ఎయిర్ గన్‌తో కనబడిన ఒక్క కుర్రాడి వల్ల ఈ ఆట ఆడే అందరికీ చెడ్డపేరు.

మా గుంటడికి పన్నెండేళ్లు. కొనివ్వాలా?

మీ పేరున కొనండి, మీ తాళంలో ఉంచండి, మీరు పక్కనుంటేనే తియ్యనివ్వండి. స్ప్రింగు లాగడానికి పది పదిహేను కిలోల బలం కావాలి. వాడికి చాలకపోతే మీరే లాగి ఇవ్వండి, గొట్టం జారి వేళ్లు నలగకుండా. గుంట అడిగినా ఇదే జవాబు. ఈ ఆటలో ఆడపిల్లలు ఎందులోనూ వెనకబడి లేరు.

కొండవెలగాడలోనూ, ఆమదాలవలసలోనూ బరువులెత్తేవాళ్లు పుట్టారు. షూటింగ్ మనకెక్కడ?

మల్లీశ్వరి సిడ్నీలో పతకం తెచ్చేదాకా వెయిట్‌లిఫ్టింగ్ గురించీ అలాగే అన్నారు. పైగా మన ఊళ్లలో సైన్యం నుంచి రిటైరై వచ్చిన మావయ్యలు, బాబాయిలు వీధికొకరు ఉంటారు. ఊపిరి ఎప్పుడు పట్టాలో, ట్రిగ్గర్ ఎలా నొక్కాలో వాళ్లకు వచ్చినంత బాగా వీడియోలకు రాదు. ఒక ఆదివారం వెళ్లి అడగండి. కాదనరు.

ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఎలా?

కళింగపట్నం, భోగాపురం వైపువాళ్లకు ఇది నిజంగా సమస్య. చెమట చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ పైభాగం ఇనుమంతా సన్నగా నూనె రాసిన గుడ్డతో తుడవండి. ఫోమ్ పెట్టెలో మూసి పెడితే తేమ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే బట్టసంచీలో, తాళం వేసిన బీరువాలో ఉంచండి. స్ప్రింగ్ రైఫిల్ గాలి గదిలోకి మాత్రం కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె లాంటివి పొయ్యకండి. నొక్కుకున్న గాలి వేడికి ఆ నూనె మండి పేలుతుంది, సీలు పోతుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే?

స్ప్రింగ్ రైఫిల్ అయితే గొట్టం మూసే చోట పలుచటి టిష్యూ కాగితం ముక్క పెట్టి కాల్చి చూడండి. ముక్క ఎగిరితే సీలు పోయినట్టే, అది చిన్న ఖర్చు. గొట్టం వంగి ఉన్నా, మూసినప్పుడు పక్కకు ఊగుతున్నా వదిలేయండి. పాత పోటీ పీసీపీ చవగ్గా వస్తే సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి. పోటీల్లో పదేళ్లు దాటిన గాలి సిలిండర్లను ఒప్పుకోరు, కొత్త సిలిండర్ ధర విన్నాక ఆ చవక చవకలా కనిపించదు. అసలు బిల్లు లేనిదాన్ని ఎంతకిచ్చినా తీసుకోవద్దు.

బస్సులో, రైల్లో తీసుకెళ్లొచ్చా?

ఖాళీ చేసి, సంచీలో మూసి, గుళ్లు వేరే పెట్టి, బిల్లు జేబులో ఉంచుకుని వెళ్లండి. బైకు మీద భుజానికి వేలాడేసుకుని వెళ్లడం తప్పు. పార్వతీపురం, పాలకొండ వైపు, ఒడిశా సరిహద్దు దగ్గర తనిఖీలు ఉంటాయి. మిలిటరీ రంగుల సంచీ కూడా వద్దు, క్రికెట్ కిట్టులా కనిపించేది మేలు. ఆపినప్పుడు ముందు నోటితో చెప్పండి, పోలీసు అడిగాకే సంచీ జిప్పు తెరవండి. ఎన్నికల రోజుల్లో ఇంట్లోంచి తియ్యకపోతే ఇంకా మంచిది.